అంట్లు

ఇలోయిలో రేవు పక్క సందులో నా పూటకూళ్ళ అంగడి.
ఆరు బల్లలు, ఒక కుళాయి.
ఎదురుగా నీళ్ళకవతల గిమరాస్ దీవి.
మామిడిపళ్ళ రోజుల్లో
ఇక్కడి గాలికి కూడా చీమలు పడతాయి.

డెల్ఫిన్ నాకు ఇరవై ఏళ్ళ ఖాతా.
సందు చివర అద్దాల సెలూన్ వాడిదే.
నా పెళ్ళికి కొప్పు చుట్టిందీ
నా మొగుడి శవానికి గడ్డం గీసిందీ
ఆ చేతులే.
రెండింటికీ పైసా పుచ్చుకోలేదు.

మార్చి నెలలో, ఆరోగ్య కేంద్రం వరండాలో
ఎవరో వాడి చీటీ చదివారు.
సాయంత్రం పడవ ఒడ్డు చేరేసరికి
హెచ్ఐవి అన్న మాట
చేపల బుట్టలకంటే ముందు బజారుకొచ్చేసింది.

సెలూన్ కుర్చీలు ఖాళీ అయ్యాయి.
ఇంటాయన బాడుగ పెంచాడు, పొమ్మనడానికి మర్యాదైన పద్ధతి అది.
బడిపిల్లల నాట్యానికి ఏటా ముస్తాబు చేసేవాడా,
ఈసారికి వద్దులే అన్నారు టీచర్లు, నవ్వుతూనే.
గుడిలో వాడి పేరు చెప్పి ప్రార్థించారు,
బాగవ్వాలని కాదు, మారాలని.

మరి నేనో?
నేను మంచిదాన్ని. పల్లెత్తు మాట అనలేదు.
ఒక గ్లాసు అడుగున
ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టుకున్నాను, అంతే.
ఆ రంగు సీసా
నా పుట్టినరోజుకి వాడిచ్చిందే.

ముప్ఫై ఏడు రోజులు ఆ గ్లాసుతోనే తాగాడు.

ముప్ఫై ఎనిమిదో రోజు అర్నుల్ఫో కూడా వచ్చాడు,
జీప్నీల మెకానిక్కు, పదకొండేళ్ళుగా వాడి మనిషి.
వీధిలో చెయ్యి పట్టుకోరు వాళ్ళు.
నా బల్ల కింద పట్టుకుంటారు.
అర్నుల్ఫో తన గ్లాసు పక్కకు నెట్టి
డెల్ఫిన్ గ్లాసెత్తి గటగటా తాగి
బోర్లించి
అడుగు చూశాడు.
తర్వాత నన్ను చూశాడు.

డెల్ఫినే మాట్లాడాడు:
"అక్కా, రాత్రి తొమ్మిదింటికి ఒక మాత్ర.
ఇప్పుడు నా రక్తంలో అది పరీక్షకి కూడా దొరకడం లేదు.
అలా ఉన్నంతకాలం
పక్కలో పడుకునే వీడికే అంటదన్నాడు డాక్టరు.
గ్లాసుకంటావా, మాత్ర లేని రోజుల్లోనూ అంటేది కాదు.
అంటుకునేది ఈ చుక్కే."

గొంతులో కోపం లేదు.
ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ రాత్రి అంట్ల ముందు కూర్చున్నాను.
సబ్బునీళ్ళలో అరవై గ్లాసులు,
ఒక్కొక్కదాని అడుగూ వేలితో తడుముతూ.
గిమరాస్‌లో మా తాత మామిడికి అంటు కట్టేవాడు.
రెండు కొమ్మల్నీ గాటు పెట్టి
గాయానికి గాయం ఆనించి
గుడ్డపీలికతో చుట్టేవాడు.
నేనేమో గాటు పెట్టడం ఒక్కటే నేర్చుకున్నాను.

చుక్క దొరికింది. గోకితే పోయింది.
ఎంత తేలిగ్గా పోయిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఇంకొకటి మిగిలింది.
ఇందాక "ఎవరో చీటీ చదివారు" అన్నాను కదూ,
అది ఎవరో కాదు.
రెమెడియోస్. నా ఆడపడుచు.
చదివింది నా చెవిలోనే.
నేను విన్నాను, ఇంకా చెప్పమన్నాను.

ఫిర్యాదు కాగితం మీద సాక్షి అన్న చోట
నా పేరు రాసి మడిచి సంచిలో పెట్టుకున్నాను.
సోమవారం కచేరీ తెరుస్తారు.
ఆదివారం ఆడపడుచు భోజనానికొస్తుంది.
ఏం వండాలో తోచడం లేదు.

ఈలోగా ఈవేళ
పట్టపగలు, బజారు కిటకిటలాడే వేళ
అంగడికి తాళం పెట్టి
సెలూన్‌లో, వీధికి ఎదురుగా ఉన్న కుర్చీలో
అద్దాల్లోంచి అందరికీ కనిపించేలా కూర్చున్నాను.

డెల్ఫిన్ నా మెడచుట్టూ గుడ్డ కట్టాడు.
కాస్త బిగించాడు కూడా.
"ఎంత కత్తిరించమంటావు?"
"ఎంతోకొంత. కానీ మెల్లగా కానీ.
సాయంత్రం పడవ వచ్చేదాకా."